బొల్లి మచ్చలకు ఆయుర్వేదం: బావంచాలు, ఎండ.. ఎంతవరకు పనిచేస్తాయి? ఎక్కడ జాగ్రత్త పడాలి?

ముమ్మిడివరం: వేలి కణుపు మీద చిన్న తెల్ల చుక్క. కొన్నాళ్లకు పెదవి చివర ఇంకొకటి. కోనసీమ ఇళ్లలో ఇలాంటి మచ్చ కనపడగానే ముందు మొదలయ్యేది జబ్బు గురించిన మాట కాదు, పెళ్లి గురించిన భయం. ఆ వెంటనే చెవిలో చెప్పుకునే అడ్రస్‌లు. ఫలానా ఊళ్లో పసరు పూస్తారట, ఫలానా చోట పొట్లాలు ఇస్తారట, యూట్యూబ్‌లో ఒకాయన 90 రోజుల్లో గ్యారంటీ అంటున్నాడట. ముమ్మిడివరం నుంచి అటు అమలాపురం, రాజోలు, ఇటు ఎదుర్లంక వంతెన దాటి యానాం, కాకినాడ దాకా తిరిగేసరికి ఏడాది గడిచిపోతుంది.

అసలు నష్టం ఆ ఏడాదిలోనే జరుగుతుంది. ఎందుకంటే కొత్తగా వచ్చిన, చిన్నగా ఉన్న మచ్చే మందుకు బాగా లొంగుతుంది. ఈ మాట ఇప్పటి చర్మవ్యాధి నిపుణులే కాదు, ఆయుర్వేద గ్రంథాలు కూడా చెబుతున్నాయి. గ్యారంటీ అమ్మేవాళ్లు ఆ గ్రంథాల పేరు చెబుతారు కానీ, అందులో రాసిన ఈ ముక్క మాత్రం చెప్పరు.

బొల్లి అంటే ఏంటి?

మన చర్మానికి రంగునిచ్చేది మెలనిన్. దాన్ని తయారుచేసే కణాలు మెలనోసైట్లు. శరీరంలోని రక్షణ వ్యవస్థ పొరపాటున ఈ కణాలనే శత్రువులనుకుని దాడి చేస్తే అక్కడ రంగు పోతుంది. అదే బొల్లి. ఇంగ్లిష్‌లో విటిలిగో అంటారు, పాత పేరు ల్యూకోడెర్మా. ఆయుర్వేదంలో శ్విత్రం, కిలాసం అనే పేర్లున్నాయి. ప్రపంచ జనాభాలో సుమారు 0.5 నుంచి 2 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. దాదాపు సగం మందిలో 20 ఏళ్ల లోపే మొదలవుతుంది.

ఇది అంటువ్యాధి కాదు. కలిసి తింటే రాదు, ఒకే దుప్పటి కప్పుకుంటే రాదు. కుష్ఠు వ్యాధికీ దీనికీ సంబంధం లేదు. కుష్ఠు మచ్చలో స్పర్శ తగ్గుతుంది, మచ్చ పాలిపోయినట్టు ఉంటుంది కానీ సున్నంలా పూర్తి తెలుపు కాదు. బొల్లి మచ్చలో స్పర్శ మామూలుగానే ఉంటుంది. అలాగే వీపు మీద, మెడ మీద వచ్చే శోభి మచ్చలు, పిల్లల బుగ్గల మీద పాలిపోయినట్టు కనిపించే మచ్చలు చాలావరకు బొల్లి కావు. వుడ్స్ ల్యాంప్ అనే దీపం కింద చూస్తే డాక్టర్‌కు తేడా నిమిషాల్లో తెలుస్తుంది. బొల్లి కాని మచ్చకు బొల్లి మందు పూసుకుని కాల్చుకున్నవాళ్లూ ఉంటారు కాబట్టి, ఏ వైద్యానికి వెళ్లినా ముందు ఈ తేడా తేల్చుకోవాలి.

బొల్లి ఉన్నవాళ్లలో కొందరికి థైరాయిడ్ సమస్య కూడా ఉంటుంది. రెండింటి వెనకా ఉన్నది రక్షణ వ్యవస్థ పొరపాటే. అందుకే డాక్టర్లు టీఎస్‌హెచ్ పరీక్ష రాస్తారు. మచ్చకీ గొంతు పరీక్షకీ సంబంధం ఏంటని అనుమానపడక్కర్లేదు.

చరకుడు గ్యారంటీ ఇవ్వలేదు

తెల్లమచ్చల ప్రస్తావన అథర్వణవేదంలోనే ఉంది. చర్మానికి రంగు ఇమ్మని ఒక మూలికను వేడుకునే సూక్తాలు మొదటి కాండలో కనిపిస్తాయి. చరక సంహితలో చికిత్సాస్థానం 7వ అధ్యాయం కుష్ఠ రోగాల గురించి. శ్విత్రాన్ని కూడా చరకుడు ఆ అధ్యాయంలోనే చివర్లో చెప్పాడు. ఆయుర్వేదంలో కుష్ఠం అనే మాట దాదాపు అన్ని చర్మరోగాలకూ కలిపి వాడిన పేరు. ఇవాళ్టి కుష్ఠు వ్యాధి ఒక్కటే కాదు. ఈ రెండు మాటల గందరగోళమే బొల్లికి అంటరానితనం అంటగట్టడానికి ఒక కారణమైంది.

దోషం రక్తంలో ఉంటే మచ్చ ఎర్రగా, మాంసంలో ఉంటే రాగి రంగులో, మేదస్సులో ఉంటే తెల్లగా ఉంటుందని, లోతుకు వెళ్లేకొద్దీ నయం కావడం కష్టమని చరకుడి లెక్క. మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోయినా, ఏళ్ల తరబడి పాతబడినా ఇక సాధ్యం కాదంటాడు. వాగ్భటుడు అష్టాంగ హృదయం నిదానస్థానంలో ఇంకా స్పష్టంగా చెప్పాడు. మచ్చ మీద వెంట్రుకలు తెల్లబడకూడదు, మచ్చలు కలిసిపోకూడదు, కొత్తగా వచ్చినవై ఉండాలి, కాలిన గాయం వల్ల వచ్చినవై ఉండకూడదు.. అప్పుడే సాధ్యం. గుహ్యభాగాలు, అరచేతులు, పెదవుల మీద వస్తే కొత్తదైనా వదిలేయమన్నాడు.

ఇప్పుడు ఏ చర్మవ్యాధి విభాగంలో అడిగినా దాదాపు ఇదే జాబితా చెబుతారు. ముఖం, మెడ మీది మచ్చలు బాగా స్పందిస్తాయి. వేళ్ల చివర్లు, పాదాలు, పెదవులు మొండికేస్తాయి. మచ్చలో వెంట్రుక తెల్లబడితే ఫలితం తక్కువ. కారణం కూడా ఇప్పుడు తెలుసు. రంగు కణాలు తిరిగి పుట్టేది ఎక్కువగా వెంట్రుక కుదుళ్ల నుంచి. నయమవుతున్న మచ్చలో ముందు వెంట్రుకల చుట్టూ గోధుమ రంగు చుక్కలు కనిపిస్తాయి, తర్వాత అవి కలుస్తాయి. అరచేతిలో, పెదవి మీద వెంట్రుకలు లేవు. కుదురులోనే కణాలు అయిపోతే వెంట్రుక తెల్లబడుతుంది. వాగ్భటుడికి మైక్రోస్కోప్ లేదు, కానీ రోగులను జాగ్రత్తగా చూసి రాసిపెట్టాడు.

కాబట్టి పెదవి మీద, వేలి కొసల మీద మచ్చలున్నవారికి 90 రోజుల గ్యారంటీ ఇస్తున్నాడంటే, అతను ఇంగ్లిష్ వైద్యానికే కాదు, ఆయుర్వేదానికీ విరుద్ధంగానే మాట్లాడుతున్నట్టు.

బావంచాలు, ఎండ: ఇది నిజంగానే పనిచేస్తుంది

ఆయుర్వేదంలో బొల్లికి ప్రధానమైన మందు బాకుచి. తెలుగులో బావంచాలు అంటారు. పచారీ కొట్లలో, మూలికల దుకాణాల్లో దొరికే నల్లటి చిన్న గింజలు. వీటిని పైపూతగా, లోపలికి తీసుకునే మందుగా రెండు రకాలుగా వాడతారు. వాడిన తర్వాత ఎండలో కూర్చోబెట్టడం చికిత్సలో భాగం. చరకుడు కూడా ముందు విరేచనం చేయించి, ఒళ్లంతా నూనె పట్టించి, రోగి ఓపికను బట్టి ఎండలో ఉండమంటాడు. ఆ విరేచనానికి చెప్పింది కాకోదుంబరం, అంటే తెలుగునాట బొమ్మమేడి అని పిలిచే చెట్టు. తాగే నీళ్లకు చండ్ర చెక్క చెప్పాడు.

బావంచాల్లో సోరాలిన్ అనే రసాయనం ఉంది. ఇది చర్మాన్ని ఎండలోని అతినీలలోహిత కిరణాలకు విపరీతంగా స్పందించేలా చేస్తుంది. ఆ స్పందనతో రంగు కణాలు మళ్లీ పనిలోకి వస్తాయి. ఈజిప్టులోనూ ఇలాంటిదే జరిగింది. నైలు నది ఒడ్డున పెరిగే అమ్మి మేజస్ అనే మొక్క గింజలు తిని ఎండలో కూర్చోవడం అక్కడి పాత వైద్యం. కైరోకు చెందిన డాక్టర్ అబ్దెల్ మొనెమ్ ఎల్ మోఫ్తీ 1940ల చివర్లో ఆ మొక్క నుంచి తీసిన మెథాక్సీసోరాలిన్‌తో బొల్లి రోగులకు చికిత్స చేసి ఫలితాలు ప్రచురించారు. ఆ దారిలోనే 1970ల్లో సోరాలిన్‌తో పాటు యూవీఏ కాంతి ఇచ్చే పూవా చికిత్స ఆస్పత్రుల్లోకి వచ్చింది. గోదావరి ఒడ్డు గింజ, నైలు ఒడ్డు గింజ.. రెండింట్లోనూ ఉన్నది ఒకే కుటుంబానికి చెందిన రసాయనం.

సూర్యుణ్ణి చర్మరోగాలకు దేవుడిగా కొలవడం కూడా ఇక్కడ పాత సంగతే. రథసప్తమికి గొల్లల మామిడాడ, అరసవల్లి వెళ్లే భక్తుల్లో చర్మవ్యాధుల మొక్కులు ఉన్నవాళ్లూ ఉంటారు. మొక్కు మొక్కుకోండి, ఇబ్బంది లేదు. ఎండలో ఎంతసేపు ఉండాలన్నది మాత్రం డాక్టర్‌ను అడగాలి.

ఎక్కువ మంది కాల్చుకునేది ఇక్కడే

బావంచి నూనె పూసుకుని ఎండలో కూర్చున్న రోజు ఏమీ కాదు. మర్నాడు కూడా కొద్దిగా ఎరుపే ఉండొచ్చు. సోరాలిన్ వల్ల వచ్చే కాలుడు రెండు మూడు రోజులకు గానీ పూర్తిగా బయటపడదు. ఇది తెలియక, నిన్న ఏమీ కాలేదు కదా అని ఇవాళ రెట్టింపు సేపు కూర్చుంటారు. మూడో రోజుకు బొబ్బలు.

పాత గ్రంథాల్లో బొబ్బలు రావడాన్ని చికిత్సలో భాగంగానే చెప్పారు. ముల్లుతో గుచ్చి నీరు తీయమన్నారు. ఇవాళ అలా చేయకూడదు. బొల్లిలో కోబ్నర్ అనే లక్షణం ఉంది. అంటే చర్మానికి దెబ్బ తగిలిన చోట, కాలిన చోట, గీరుకున్న చోట కొత్త మచ్చ పుట్టొచ్చు. చిన్న మచ్చ పోగొట్టుకోవడానికి వెళ్లి దాని చుట్టూ పెద్ద మచ్చ తెచ్చుకున్నట్టవుతుంది. అదే కారణంతో నల్లజీడి గింజల రసం, చిత్రమూలం వేరు ముద్ద పూయించుకోవద్దు. రెండూ చర్మాన్ని కాలుస్తాయి. తోలు ఊడి కొత్త చర్మం వస్తుందని చెప్పేవాళ్ల మాట నమ్మితే మిగిలేది గాయమే.

బావంచి నూనె డాక్టర్ సలహాతో వాడేవారు మచ్చ మీద మాత్రమే, కొబ్బరి నూనె లాంటి దానిలో బాగా పలచన చేసి, పొద్దుటి లేత ఎండలో కొద్ది నిమిషాలతో మొదలుపెడతారు. మూడు రోజులు చూసి, ఎరుపు మితిమీరకపోతేనే నెమ్మదిగా సమయం పెంచుతారు. కోనసీమ ఎండ సంగతి తెలిసిందే. ఉదయం తొమ్మిది దాటితే చేలో, రొయ్యల చెరువు గట్టు మీద నిలబడలేం. నూనె పూసుకుని ఆ ఎండలో పనికి వెళ్తే కాలిపోవడం ఖాయం. పూత కడిగేసుకుని, పూర్తి చేతుల చొక్కా వేసుకునే బయటికి వెళ్లాలి.

ఇంకో విషయం చాలామంది చెప్పకుండా దాస్తారు. ఆస్పత్రిలో కాంతి చికిత్స తీసుకుంటూ ఇంట్లో బావంచాలు కూడా వాడుతుంటారు. అప్పుడు చర్మం మీద రెండు డోసులు పడ్డట్టే. రెండిట్లో ఏది వాడుతున్నా రెండో డాక్టర్‌కు చెప్పి తీరాలి.

పొట్లంలో ఏముంది?

లోపలికి మింగే మందుల దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. బావంచి చూర్ణం తిన్నవారిలో కాలేయం దెబ్బతిని పచ్చకామెర్లు వచ్చిన కేసులు పలు దేశాల వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. గ్రంథోక్తంగా అయితే బావంచాలను ముందు గోమూత్రంలోనో అల్లం రసంలోనో నానబెట్టి శుద్ధి చేస్తారు. కొట్లో కొన్న గింజలు మిక్సీ పట్టి చెంచాడు చొప్పున తినడం ఆయుర్వేదం కాదు. మందు వాడుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఆకలి చచ్చిపోయినా వెంటనే ఆపేసి రక్తపరీక్ష చేయించుకోవాలి. గర్భిణులు, చిన్నపిల్లలు, కాలేయ జబ్బులున్నవారు అసలు మొదలుపెట్టకూడదు.

బొల్లికి రాసే ఆరోగ్యవర్ధిని లాంటి మాత్రల్లో పాదరసం, గంధకం, లోహ భస్మాలు ఉంటాయి. శ్విత్రానికి వాగ్భటుడి కాలం నుంచి వాడుకలో ఉన్న ఒక పూతలో బావంచాలతో పాటు హరితాళం కలుస్తుంది. హరితాళం అంటే ఆర్సెనిక్ ఉన్న ఖనిజం. ఇలాంటి పదార్థాలున్న ఆయుర్వేద మందులకు చట్టంలో ప్రత్యేక జాబితా ఉంది, లేబుల్ మీద వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలని రాయాలి. లేబులే లేని పొట్లంలో ఏముందో తెలిసే దారి లేదు. మూలికల మందు పేరుతో స్టెరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలు కూడా వైద్యులకు కొత్త కాదు. నెల తిరగకుండా మచ్చ ఆగి, ముఖం ఉబ్బి, బరువు పెరిగితే అనుమానించాల్సిందే.

డీఆర్‌డీఓ మందు అని సోషల్ మీడియాలో తిరిగే ల్యూకోస్కిన్ సంగతి చాలామంది అడుగుతుంటారు. ఇది నిజమే. ఉత్తరాఖండ్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాలలో మూలికలతో తయారై, ఎయిమిల్ అనే కంపెనీ ద్వారా మార్కెట్లోకి వచ్చింది. ఇందులోనూ బావంచాలు ఉన్నాయి. రక్షణ సంస్థ పేరు ఉంది కదా అని మిగతా జాగ్రత్తలు మారవు. మొత్తంగా ఆయుర్వేద బొల్లి మందుల మీద పెద్ద సంఖ్యలో రోగులతో, పోల్చి చూసే పద్ధతిలో జరిగిన పరీక్షలు తక్కువ.

చేపలు తిని పాలు తాగితే వస్తుందా?

కోనసీమలో పుట్టినవాళ్లకు ఈ మాట ఉగ్గుపాలతో పట్టినదే. చేపల పులుసు తిన్న రోజు పాలు తాగకురా, బొల్లి వస్తుంది అని అమ్మమ్మలు గ్లాసు లాగేసుకుంటారు. దీని మూలం ఆయుర్వేదంలో ఉంది. చేపలు, పాలు విరుద్ధాహారం అని చరకుడు చెప్పాడు, విరుద్ధాహారం శ్విత్రానికి ఒక కారణం అనీ రాశాడు. కానీ చేపలు, పాలు కలిపి తింటే బొల్లి వస్తుందని ఇప్పటివరకు రుజువు కాలేదు. చేపల్ని క్రీమ్‌తో, పాలతో వండుకునే దేశాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ బొల్లి ఎక్కువేం లేదు.

చరకుడి కారణాల జాబితా అక్కడితో ఆగదు. అబద్ధాలాడటం, చేసిన మేలు మరవడం, దేవుళ్లను, గురువులను నిందించడం, పూర్వజన్మ పాపాలు కూడా ఉన్నాయి. పదేళ్ల పిల్లకు మచ్చ వస్తే ఆ తల్లిని చుట్టాలు ఏమంటారో ఊహించుకోవచ్చు. వాగ్భటుడి మచ్చల పరిశీలనను గౌరవించొచ్చు, ఈ భాగాన్ని మాత్రం పక్కన పెట్టాల్సిందే. రక్షణ వ్యవస్థ దాడికీ పాపపుణ్యాలకీ సంబంధం లేదు.

పులుపు మానేయాలి, నిమ్మకాయ ముట్టొద్దు, పెరుగు వద్దు అంటూ పెట్టే పథ్యాలకూ గట్టి ఆధారం లేదు. ఎదిగే పిల్లలకు చేపలు, గుడ్లు, పెరుగు ఆపేస్తే మచ్చ తగ్గదు, పిల్లాడు నీరసపడతాడు. రాగి చెంబులో నీళ్లదీ ఇదే కథ. మెలనిన్ తయారీకి రాగి అవసరమే, అంతమాత్రాన చెంబు నీళ్లతో రంగు తిరిగి వస్తుందని రుజువు లేదు.

తిండి కన్నా చూసుకోవాల్సింది ఒంటికి తగిలే వస్తువులు. స్టిక్కర్ బొట్టు పెట్టుకునే చోటే సరిగ్గా గుండ్రంగా తెల్లమచ్చ వస్తే అది బొట్టు జిగురులోని రసాయనం వల్ల కావొచ్చు. రబ్బరు చెప్పు పట్టీ కింద వచ్చినా, జుట్టు రంగు తగిలిన చోట వచ్చినా అంతే. ముందు ఆ వస్తువు మానేయాలి. లంగా బొందు, మొలతాడు ఒరుసుకునే చోట కూడా కోబ్నర్ మచ్చలు వస్తాయి. బిగుతు తగ్గిస్తే సరిపోతుంది.

ముమ్మిడివరం వాళ్లు ఎక్కడికి వెళ్లాలి?

మొదట చర్మవ్యాధి నిపుణుడి దగ్గర నిర్ధారణ చేయించుకోవాలి. దగ్గర్లో అమలాపురంలోని కిమ్స్ వైద్య కళాశాల ఆస్పత్రి, యానాం మీదుగా వెళ్తే రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి ఉన్నాయి. ఆయుర్వేదమే కావాలనుకుంటే బీఏఎంఎస్ డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న డాక్టర్‌ను చూసుకోవాలి. విజయవాడలో డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. మందు పేరు, కంపెనీ, తయారీ లైసెన్స్ నంబర్ చీటీ మీద రాసివ్వమంటే నిజమైన వైద్యుడు కాదనడు.

ఇప్పుడు ఎక్కువగా వాడే కాంతి చికిత్స నారోబ్యాండ్ యూవీబీ. దీనికి సోరాలిన్ మాత్ర అక్కర్లేదు. వారానికి రెండు మూడు సార్లు, నెలల తరబడి వెళ్లాలి. బస్సు చార్జీలు, పోయే కూలి లెక్కేసుకుని చాలామంది మధ్యలో మానేసేది ఇందుకే. టాక్రోలిమస్ లాంటి పూతలు ముఖం మీది మచ్చలకు రాస్తారు. అమెరికాలో 2022 జులైలో రుక్సోలిటినిబ్ అనే క్రీమ్‌కు బొల్లి చికిత్స కోసం అనుమతి వచ్చింది. ఏడాది పాటు కొత్త మచ్చ రాకుండా, ఉన్నది పెరగకుండా ఉంటే చర్మం లేదా రంగు కణాలు మార్చి పెట్టే సర్జరీ చేస్తారు. మచ్చలు వేగంగా పాకుతుంటే మాత్రం ముందు దాన్ని ఆపాలి. ఆ సమయంలో పసర్ల కోసం తిరగడం పెద్ద పొరపాటు.

గ్యారంటీ ప్రకటన నేరం

బొల్లిని నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడం చట్టరీత్యా నేరం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం జాబితాలో ల్యూకోడెర్మా పేరు ఉంది. మొదటిసారి దోషిగా తేలితే ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఏడాది వరకు. గోడ మీద రాసినా ప్రకటనే. ఫిర్యాదు ఔషధ నియంత్రణ అధికారులకు ఇవ్వొచ్చు, ప్రకటన ఫొటో, బిల్లు ఉంటే మంచిది.

పెళ్లి విషయానికొస్తే, హిందూ వివాహ చట్టంలో విడాకుల కారణాల్లో బొల్లి ఎప్పుడూ లేదు. కుష్ఠు వ్యాధి ఉండేది, 2019లో దాన్నీ తీసేశారు. మచ్చలు దాచి పెళ్లి చేయాలన్న తొందరలో ఆరు నెలల్లో పోగొట్టే మందు కోసం పరిగెత్తే కుటుంబాలే మోసగాళ్లకు సులువుగా దొరుకుతాయి.

పాప్ స్టార్ మైఖేల్ జాక్సన్ 1993లో ఓప్రా విన్‌ఫ్రేకి ఇచ్చిన ఇంటర్వ్యూలో తనకు బొల్లి ఉందని చెప్పేవరకు, ఆయన రంగు మార్పించుకున్నారనే లోకం అనుకుంది. ఆ తర్వాత కూడా చాలామంది నమ్మలేదు. 2009లో ఆయన చనిపోయాక పోస్ట్‌మార్టం నివేదికలో అది నిజమని తేలింది. ఆయన మరణించిన జూన్ 25నే ఇప్పుడు ప్రపంచ విటిలిగో దినంగా జరుపుతున్నారు.

ఏ వైద్యం మొదలుపెట్టినా మొదటి రోజే మచ్చ ఫొటో తీసి ఉంచుకోండి. పక్కన ఓ రూపాయి బిళ్ల పెట్టి, నెలకోసారి అదే చోట, అదే వెలుతురులో తీయాలి. అంచులు పెరుగుతున్నాయా, లోపల గోధుమ చుక్కలు వస్తున్నాయా అన్నది అందులోనే తెలుస్తుంది. మూడు నెలలకే తేల్చేయకూడదు. క్రమం తప్పకుండా ఆరు నెలలు వాడినా ఒక్క చుక్క కూడా రాకపోతే ఆ ఫొటోలు చూపించి మందు మార్చమని డాక్టర్‌ను అడగొచ్చు.